ఆరు గంటల సర్టిఫికెట్టు కోసం మండపేట నుంచి రాజమండ్రికి

నేను డాక్టరుని. మండపేటకి ఆరు కిలోమీటర్ల దూరంలో, కాలవ పక్కనున్న ఒక ఊళ్ళో బోర్డు పెట్టి ఇరవై నాలుగేళ్ళయింది. జలుబు దగ్గర్నుంచి పాముకాటు దాకా చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళు ముందు నా గుమ్మమే తొక్కుతారు. కిందటి నెల మొదట్లో మెడికల్ కౌన్సిల్ నుంచి నాకో ఉత్తరం వచ్చింది. నా మెడికల్ రిజిస్ట్రేషన్ గడువు నెలాఖరుతో తీరిపోతుందట. రెన్యువల్ కావాలంటే ఈ ఐదేళ్ళలో ముప్పై గంటలు కొత్త పాఠాలు విన్నట్టు సర్టిఫికెట్లు చూపించాలట. ఫైలు తీసి లెక్క చూసుకుంటే ఇరవై నాలుగు గంటలు తేలాయి. ఆ మిగిలిన ఆరూ లేకపోతే ఒకటో తారీఖు నుంచి మందుచీటీ మీద నా సంతకం చెల్లదు. చదువుకోమనడం తప్పని నేననను. కానీ వానాకాలం జ్వరాలతో వరండా నిండిపోయి, అన్నం తినడానికే తీరిక లేని మనిషిని పట్టుకుని నువ్వింకా డాక్టరువేనా అని అడిగినట్టు అనిపించి ఒళ్ళు మండిపోయింది.

ఆ నెల మూడో ఆదివారం రాజమండ్రిలో ఒక హోటల్లో సరిగ్గా ఆరు గంటల క్లాసులున్నాయని తెలిసింది. ఫీజు ఎనిమిది వందలు, భోజనంతో కలిపి. నాలాగే గంటలు తక్కువైన డాక్టర్లు మన డెల్టాలో చాలామందే ఉంటారు, వాళ్ళకి పనికొస్తుందని ఆ రోజు సంగతులన్నీ వరసగా రాస్తున్నాను. మధ్యలో నా కోపం కూడా తగులుతుంది. దాన్ని తీసేసి రాయడం నాకు చేతకాలేదు.

పొద్దున్నే ఆరింటికి మా కాంపౌండరు సత్తిబాబు తన స్కూటరు మీద మండపేట బస్టాండులో దింపాడు. సత్తిబాబుకి యాభై దాటాయి, క్లినిక్ తెరిచిన రోజు నుంచీ నాతోనే ఉన్నాడు. ఆరూ నలభైకి రాజమండ్రి బస్సు. టిక్కెట్టు పద్దెనిమిది రూపాయలు. ద్వారపూడి మీదుగా వెళ్ళే బస్సే ఎక్కండి, దారి బాగుంటుంది. ఊడుపుల రోజులు కావడంతో రోడ్డుకి రెండు వైపులా చేలల్లో నీళ్ళు, ఆ నీళ్ళల్లో మోకాళ్ళ దాకా దిగి వరసలుగా వంగిన ఆడవాళ్ళు. కడియం దగ్గరికొచ్చేసరికి నర్సరీల్లో మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు, కిటికీలోంచి తడిమట్టి వాసన వచ్చింది. అంత మంచి పొద్దుటి పూట కూడా నేను ఒళ్ళో ఫైలు పెట్టుకుని కౌన్సిల్‌తో మనసులో పోట్లాడుతూనే ఉన్నాను. ఎనిమిదింటికి బస్టాండు కాంప్లెక్సులో దిగి, ఎదురుగా ఉన్న హోటల్లో పెసరట్టు ఉప్మా తిని, ముప్పై రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాను.

ఆటోలో ఫైలు చూసి డ్రైవరు అడిగాడు. "ఏదైనా ఇంటర్వ్యూ అండి?"

"కాదండి. నేను డాక్టర్ని. లైసెన్సు రెన్యువల్ చేయించుకోడానికి క్లాసులు వినాలట."

"మాకూ ఉందండి ఆ గోల. ఏడాదికోసారి బండి తీసుకెళ్ళి బ్రేక్ ఇనస్పెక్టరు గారి ముందు పెట్టాలి. బ్రేకు తొక్కి చూస్తారు, లైట్లు వేయించి చూస్తారు, హారను కొట్టి చూస్తారు." అద్దంలోంచి నన్ను చూశాడు. "మరి మిమ్మల్నేం చేసి చూస్తారండి?"

"సంతకం పెట్టించుకుంటారు."

"అంతేనా అండి?" అన్నాడు. నమ్మలేదనుకుంటాను. నాకూ ఆ జవాబు నచ్చలేదు గానీ, ఉన్నమాట అదే.

హోటల్ రెండో అంతస్తులో హాలు. గుమ్మం దగ్గర టేబులు వేసుకుని మెడికల్ రిప్రజెంటేటివ్ ప్రసాద్ కూర్చున్నాడు. మందుల కంపెనీ తరఫున మా ప్రాంతంలో డాక్టర్లందరి దగ్గరికీ తిరుగుతుంటాడు, పదేళ్ళుగా తెలిసినవాడు. క్లాసులకి ఖర్చు పెట్టేది వాళ్ళ కంపెనీయే కాబట్టి రిజిస్టరు కూడా అతని చేతిలోనే ఉంది. పేరు పక్కన ఆరు గళ్ళు, గంటకి ఒక గడి. నా ముందున్న పెద్దాయన ఆరు గళ్ళలోనూ టకటకా సంతకాలు గీకేసి, ఉచితంగా ఇచ్చిన బ్యాగు భుజాన వేసుకుని, హాలు వైపైనా చూడకుండా లిఫ్టు ఎక్కేశాడు.

నేను మొదటి గడిలో ఒక్క సంతకం పెట్టి పెన్ను కింద పెట్టాను.

"అన్నీ పెట్టేయండి మేడమ్," అన్నాడు ప్రసాద్. "అందరూ ఇప్పుడే పెట్టేస్తున్నారండి. మళ్ళీ మళ్ళీ లైనెందుకు?"

"వినని క్లాసుకి విన్నానని ఎలా పెడతానయ్యా?"

అతను నవ్వాడు. నా మాట విని కాదు, నన్ను చూసి నవ్వినట్టుంది. "మీ ఇష్టం మేడమ్. మధ్యమధ్యలో వచ్చి పెట్టుకోండి." ఎనిమిది వందలు కట్టి, నలభై కిలోమీటర్లు వచ్చి, ఈ జనంలో నేనొక్కదాన్నే నిజాయితీపరురాలినని ఛాతీ విరుచుకుని లోపలికి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను.

పొద్దుటి మూడు క్లాసుల గురించి ఎక్కువ చెప్పను. మొదటిది షుగరు వ్యాధి గురించి అన్నారు గానీ, గంటలో నలభై నిమిషాలు ఒకే ఒక్క కొత్త మాత్ర గురించి. ఆ మాత్ర ఎవరు తయారుచేస్తారో చెప్పక్కర్లేదు, బ్యాగు మీదే ఉంది. రెండోది మరమనిషి చేతులతో ఆపరేషన్లు చెయ్యడం గురించి. మా ఊళ్ళో కరెంటు పోతే నేను టార్చిలైటు పళ్ళ మధ్య పెట్టుకుని కుట్లు వేస్తాను. మూడోది డాక్టర్లు పన్ను ఎలా ఆదా చేసుకోవాలో ఒక ఆడిటరు గారు చెప్పారు. దానికీ గంట లెక్క. దీన్ని విననందుకా నా లైసెన్సు తీసేస్తామంటున్నారు అని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే, నిండా కుర్చీలు వేసిన హాల్లో మూడో వంతు కూడా మనుషులు లేరు. మిగతావాళ్ళు పాపికొండల లాంచీకి వెళ్ళారని పక్కావిడ చెప్పింది. వాళ్ళకి ఆరు గంటలు పడిపోయాయి.

భోజనాల వేళ రెండు, మూడు గళ్ళలో సంతకం పెడదామని వెళితే టేబులు మీద రిజిస్టరు లేదు. కౌన్సిల్ తరఫున వచ్చిన పరిశీలకుడు గారికి మధ్యాహ్నం బండి ఉందట, రిజిస్టరు పట్టుకుని స్టేషనుకి వెళ్ళిపోయారట. ఇంకా జరగని మూడు క్లాసుల హాజరు కూడా అందులోనే ఉంది. నా పేరు పక్కన మాత్రం ఒకే ఒక్క సంతకం. నిర్వాహకుల కార్యదర్శి కూడా డాక్టరే. పులిహోర ప్లేటుతో ఎదురైతే ఆయన్ని అక్కడే నిలదీశాను.

"నేను పొద్దున్నుంచీ ముందు వరసలో కూర్చుంటే నాకు ఒక గంటేంటండి? లాంచీ ఎక్కినవాళ్ళకి ఆరేంటండి?"

"మీరు పొద్దున్నే పెట్టెయ్యాల్సిందండి."

"జరగని క్లాసుకా?"

"అందరూ పెట్టారు కదండీ మేడమ్." ఆయన గొంతులో విసుగు లేదు, జాలి ఉంది. దానికే నాకు ఎక్కువ మండింది. నా ఫైలు తెరిచి చూపించాను, నెలాఖరుకి ఇంకా పదకొండు రోజులే ఉందన్నాను, ఈ ఆరు గంటలూ లేకపోతే క్లినిక్ మూసుకోవాలన్నాను. హాల్లో ఉన్నవాళ్ళు తినడం ఆపి మరీ చూశారు. చివరికి ఆయన, "సాయంత్రం దాకా ఉండండి. పరిశీలకుడు గారికి ఫోను చేసి ఏదో ఒకటి చేస్తాను," అన్నాడు. రెండున్నరకి మండపేట బస్సుంది. ఎక్కి వెళ్ళిపోదామనే అనుకున్నాను. ఆ గంటల కోసమే ఆగాను. పాఠం కోసం కాదు, ఇది ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం క్లాసులు మూడూ కలిపి ఒకే విషయం, పాముకాటు. చెప్పడానికి కాకినాడ నుంచి ఒక పెద్ద డాక్టరు గారు వచ్చారు. మనిషి సన్నగా, చొక్కా చేతులు మడిచి, బల్ల మీద గాజు గొట్టాలు పెట్టుకుని నిలబడ్డారు. హాల్లో పదకొండు మందిమి ఉన్నాం. ఈ కాలవ గట్ల మీద, ఈ చేలల్లో బతికే జనానికి వైద్యం చేసేవాళ్ళు తప్పకుండా వినాల్సిన పాఠం ఇదొక్కటే, దాన్ని అందరూ భుక్తాయాసంతో ఇంటికి పోయే వేళకి పెట్టారు. అప్పుడు కూడా నా కోపం వాళ్ళ మీదే.

డాక్టర్లు కానివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. రక్తపింజర లాంటి పాము కరిస్తే రక్తం గడ్డకట్టదు. అందుకని అనుమానం ఉన్న మనిషి రక్తం కొంచెం గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తాం. గడ్డకడితే ఫరవాలేదు, అప్పుడప్పుడూ మళ్ళీ చూసుకుంటూ ఉంటాం. నీళ్ళలా జారితే విషం ఎక్కిందని లెక్క, విషానికి విరుగుడు ఇంజక్షను ఎక్కించాలి. ఆ విరుగుడు ప్రాణం నిలుపుతుంది. కానీ కొందరి ఒంటికి అది పడదు, పడకపోతే దానివల్లే ప్రాణం మీదికి వస్తుంది.

"ఎవరైనా కొంచెం రక్తం ఇస్తారా అండి?" అని ఆయన అడిగారు. ముందు వరసలో ఉన్నాను కాబట్టి నేనే చెయ్యి చాపాను. నా రక్తం రెండు గొట్టాల్లో పోశారు. ఒకటి అప్పుడే పెట్టె విప్పి తీసిన కొత్తది. రెండోది ఒక చిన్న ఆసుపత్రిలో వాడుతున్నదట, శుభ్రంగా కడిగి, తళతళా మెరుస్తోంది. ఆ ఇరవై నిమిషాల సేపూ, పాము కరిస్తే గట్టిగా కట్లు కట్టొద్దనీ, కాటు మీద గాట్లు పెట్టొద్దనీ చెప్పి, అప్పుడు రెండు గొట్టాలూ పైకెత్తి వంచారు. కొత్తదాంట్లో రక్తం అడుగున గట్టిగా పట్టుకుని ఉంది. మెరిసేదాంట్లో జారింది.

"ఏ పాము కరిచిందండి మేడం గారిని?" అన్నారాయన.

పదిమందీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"సబ్బు అండి," అన్నారు. "సబ్బుతో కడిగిన గాజుకి ఎంతో కొంత అంటుకునే ఉంటుంది. అందులో మంచి రక్తం కూడా ఒక్కోసారి గడ్డకట్టదు. వాపు లేదు, చిగుళ్ళ నుంచి రక్తం లేదు, గొట్టంలో మాత్రం గడ్డకట్టలేదని ఎవరైనా నాకు ఫోను చేస్తే, ముందు గొట్టం ఎవరు కడిగారని అడుగుతాను."

మా క్లినిక్‌లో గొట్టాలు కడిగేది సత్తిబాబు. సబ్బుపొడితో రెండుసార్లు తోమి, వేడినీళ్ళలో ఉడకబెట్టి, తెల్లగుడ్డ మీద ఎండలో ఆరబెడతాడు. ఆ శుభ్రం చూసి నేను వచ్చేపోయేవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. అడిగాను. "ఉడకబెట్టి, ఎండబెట్టినా అంతేనా సార్?"

"అంతేనండి." ఆయన ముఖంలో చిరాకు కనిపించింది. "మూడేళ్ళ కిందట ఇదే హాల్లో రోజంతా ఇదే చెప్పాను, ఇదే చేసి చూపించాను. అప్పుడు రిజిస్టరు నిండా సంతకాలున్నాయి. అయినా ఈ జిల్లా నుంచి నాకు అవే కేసులు వస్తున్నాయి."

కార్యదర్శితో గొడవకి తెరిచిన ఫైలు ఇంకా నా ఒళ్ళోనే ఉంది. పైనుంచి మూడో కాగితం. పాముకాటుకి ఆధునిక చికిత్స, రాజమండ్రి, ఆరు గంటలు, దాని మీద నా పేరు. ఆ ఆదివారం నేను రాజమండ్రి రాలేదు. వరండా నిండా జ్వరాలు, కదల్లేకపోయాను. మర్నాడు ప్రసాద్ క్లినిక్‌కి వచ్చి కవరు చేతిలో పెట్టి, "మీ సంతకాలు కూడా నేనే పెట్టేశాను మేడమ్," అన్నాడు. ఎంత మంచివాడో అనుకుని కాఫీ ఇప్పించి పంపాను. అబద్ధం ఆడుతున్నానని ఆ రోజు నాకు తోచనే లేదు. పొద్దున అతను ఎందుకు నవ్వాడో అప్పుడు అర్థమైంది.

ఇంకో మనిషి గుర్తొచ్చింది. వెంకాయమ్మ అని, మా ఊళ్ళో కూలికి వెళ్ళే మనిషి. కిందటేడు కోతల్లో మడమ దగ్గర ఏదో కరిచిందని మోసుకొచ్చారు. పాముని ఎవరూ సరిగ్గా చూడలేదు. వాపు లేదు, నొప్పి కూడా అంతంతమాత్రం. గొట్టంలో రక్తం మాత్రం నీళ్ళలా జారింది. విరుగుడు ఎక్కించాను. పది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి అందలేదు, నాడి చేతికి దొరకలేదు. రెండు గంటలు పెనుగులాడి నిలబెట్టాను. అంత విషప్పాము కాటు నుంచి డాక్టరమ్మ గారు బతికించారని ఊరంతా చెప్పుకున్నారు. నేనూ వింటూ ఊరుకున్నాను. ఆమెని పాము చంపబోయిందో, నేనే చంపబోయానో ఇప్పుడు తేల్చి చెప్పగలిగేవాళ్ళు లేరు. 

ఐదింటికి కార్యదర్శి గారు నా దగ్గరికొచ్చి సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆరు గంటలు. పరిశీలకుడికి ఫోను చేసి ఒప్పించారట. "కోపం తగ్గిందా మేడమ్?" అన్నారు.

"ఇప్పుడే మొదలైందండి," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

తిరుగు బస్సులో ఫైలు తెరిచి, ఆ మూడో కాగితాన్ని తీసి రెండుగా చింపాను. మిగిలినవి లెక్కపెడితే ఇవాళ్టితో కలిపి మళ్ళీ ఇరవై నాలుగే.

మర్నాడు పొద్దున్నే వెంకాయమ్మ ఊడుపులకి వెళ్ళే దారిలో నిలబడి, ఆమెని ఆపి ఉన్నదంతా చెప్పాను. కడిగిన గొట్టం వల్ల నేను పొరబడి ఉండొచ్చనీ, ఆ రోజు ఆమెకి ఊపిరాడకపోవడం పాము వల్ల కాదనీ, నేనిచ్చిన మందు వల్లనీ చెప్పాను. తిడుతుందని సిద్ధపడే వెళ్ళాను. ఆమె చుట్టూ చూసి నా దగ్గరగా వచ్చింది.

"ఆ మాట ఇంకెవరితోనూ అనకండి డాక్టరమ్మ గారూ," అంది మెల్లగా. "మీకే తెలీదంటే రేప్పొద్దున మేం ఎవరి దగ్గరికెళ్తామండి?"

తిట్టినా బాగుండేది. ఇన్నాళ్ళూ నా గుమ్మం తొక్కినవాళ్ళు నా ఫైల్లో ఎన్ని గంటలున్నాయని అడగలేదు. నాకు తెలుసని నమ్మారు, అంతే. కౌన్సిల్ మీద, కార్యదర్శి మీద, లాంచీ ఎక్కినవాళ్ళ మీద నా కోపం ఇప్పటికీ పోలేదు, పోవాల్సిన పని కూడా లేదు. జరగని క్లాసుకి పొద్దున్నే సంతకాలు పెట్టించుకునే పద్ధతి ఇప్పటికీ అంతే సిగ్గుమాలింది. కానీ అందులో ఆరు గంటలు నావి. ఉన్న సంగతి రాసి కౌన్సిల్‌కి ఉత్తరం పంపాను, జవాబు లేదు. ఇంత తీరిగ్గా కూర్చుని ఇదంతా ఎలా రాస్తున్నానని మీకు అనుమానం రావచ్చు. ఒకటో తారీఖు నుంచి నేను ప్రాక్టీసు చెయ్యడం లేదు. వచ్చినవాళ్ళని సత్తిబాబు మండపేట పంపిస్తున్నాడు. ఈ నెలాఖరున కాకినాడలో క్లాసులున్నాయి, ఆ ఆరు గంటలూ కూర్చుని విన్నాకే మళ్ళీ తలుపు తీస్తాను.

ఇలాంటి క్లాసుకి మీరు బయల్దేరుతుంటే ఒక్కటే చెప్తాను. కాంప్లెక్సు దాటాక, ఆసుపత్రి సామాన్లు అమ్మే కొట్లో కొత్త గాజు గొట్టాల పెట్టె ఒకటి కొని బ్యాగులో వేసుకోండి, నూట ఇరవై రూపాయలు. ఒక్కోదాన్నీ ఒక్కసారే వాడి పారెయ్యండి, ఎంత శుభ్రంగా ఉన్నా కడిగి మళ్ళీ వాడొద్దు.